కలివికోడి అడుగుజాడలు: జంతు ఆవరణశాస్త్ర పత్రికకు వ్యాసం వ్రాయడం



75 సంవత్సరాలుగా తెలుగు అక్షరాన్ని కాపాడుతూ వచ్చిన పాఠశాల ఉత్సవంలో, విజ్ఞానశాస్త్ర పత్రికకు వ్యాసం పంపే విధానాన్ని గురించి ప్రసంగమేమిటని కొందరికి ఆశ్చర్యం కలుగవచ్చు. కవిత్వాన్ని గురించో, గురుభక్తిని గురించో అయితే సభకు మరింత ఇంపుగా ఉండేదేమో. అయినా ఈ ప్రాంతంలో చదువుకొన్న పిల్లలకు ఈ విషయంతో ఉన్న సంబంధం చిన్నది కాదు.

కాట్టుపల్లి స్థితిని ఒక్కసారి తలచుకోవాలి. తూర్పున బంగాళాఖాతం, పడమట బకింగ్‌హామ్ కాలువ, కుశస్థలి నది ఉప్పునీటి పాయలు, ఉత్తరాన పులికాట్ సరస్సు. వీటి నడుమ సాగిన ఇసుక నేల ఇది. ఆటుపోట్లకు మునిగి తేలే బురద మేట, మడచెట్లు, ఉప్పుటేరు ఉన్నచోట పీతలు, రొయ్యలు, మడవ చేపలు, వాటిపై ఆధారపడిన కొంగలు ఉండకపోవు. ఏ పోటుకు ఏ చేప పాయలోనికి ఎక్కి వస్తుందో, ఏ కాలంలో ఏ పీత కండపట్టి ఉంటుందో ఇక్కడి జాలరులు ఏ పుస్తకమూ చూడకుండా చెప్పగలరు. ఆ విద్య తండ్రి నుండి కొడుకుకు, తల్లి నుండి కూతురుకు నోటిమాటగానే వచ్చింది.

ఈ తీరం మాత్రం వేగంగా మారిపోయింది. 2001లో ఎన్నూరు ఓడరేవు, 2010లో సముద్రజలాన్ని మంచినీరుగా మార్చే కర్మాగారం, 2013లో కాట్టుపల్లి ఓడరేవు పని ప్రారంభించాయి. ఇటువంటి పెద్ద నిర్మాణం తలపెట్టినప్పుడు పర్యావరణ ప్రభావ నివేదిక తయారవుతుంది. ఇక్కడ ఏయే ప్రాణులు, ఎంత సంఖ్యలో, ఏ కాలంలో ఉన్నాయి అన్న ప్రశ్నకు సమాధానాన్ని నివేదిక వ్రాసేవారు తాము చేయించిన కొద్దిపాటి సర్వేలోను, అంతకుముందు అచ్చయిన వ్యాసాలలోను వెదకుతారు. జాలరి నోటి మాట అచ్చులో లేకపోతే అది లేనట్లే లెక్క. ఇది న్యాయమా అంటే కాదనే చెప్పాలి. అయినా వ్యవహారం నడుస్తున్న తీరు అదే. అందువల్లనే పరిశోధన వ్యాసం వ్రాయడమనేది విశ్వవిద్యాలయ ఆచార్యుల ఉద్యోగోన్నతికి మాత్రమే పనికివచ్చే విద్య అనుకోవడం పొరపాటు.

ప్రాణికి, దాని చుట్టూ ఉన్న నేల, నీరు, గాలి, ఇతర ప్రాణులకు గల సంబంధాలను పరిశీలించేది ఆవరణశాస్త్రం. బ్రిటిష్ ఆవరణశాస్త్ర సంఘం 1932లో జంతువులకు ప్రత్యేకించి 'జర్నల్ ఆఫ్ యానిమల్ ఎకాలజీ' అనే పత్రికను స్థాపించింది. దాని తొలి సంపాదకుడు చార్లెస్ ఎల్టన్. అదే సంఘం 1964లో 'జర్నల్ ఆఫ్ అప్లయిడ్ ఎకాలజీ'ని ప్రారంభించింది. భారతదేశంలో ఇంతకంటె పూర్వమే, 1886 నుండి, బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘపు పత్రిక వెలువడుతున్నది. మద్రాసు నగరంలో అంతకు అర్ధశతాబ్దం ముందే 'మద్రాస్ జర్నల్ ఆఫ్ లిటరేచర్ అండ్ సైన్స్' ఉండేది. నెల్లూరులో వైద్యాధికారిగా పనిచేసిన థామస్ జెర్డన్ దక్షిణ భారతదేశపు పక్షులను గురించి, చీమలను గురించి తన పట్టికలను ఆ పత్రికలోనే ప్రకటించాడు. చీమల పట్టిక అచ్చయినది 1851లో.

ఆ జెర్డన్ పేరిట నిలిచిన ఒక పక్షి కథలో, వ్యాసం వ్రాయబోయే విద్యార్థికి కావలసిన పాఠాలు చాలావరకు ఉన్నాయి. అది కడప జిల్లా కథ. అయినా తిరువళ్లూరు జిల్లాకు పరాయిది కాదు. ఆ సంబంధమేమిటో కొంత ముందుకు పోయిన తరువాత తెలుస్తుంది.

పగలు పొదల నీడలో దాగి, రాత్రివేళ నేలపై పరుగెత్తి తిరిగే పక్షి అది. శాస్త్రనామం రైనోప్టిలస్ బైటార్క్వేటస్. ఎడ్వర్డ్ బ్లైత్ 1848లో దానిని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. జెర్డన్ తన గ్రంథంలో 'అడవి ఉత తిత్తి' అని ధ్వనించే తెలుగు పేరును కూడ నమోదు చేశాడు. తరువాత గోదావరీ ప్రాంతంలో బ్లాన్‌ఫర్డ్, 1900లో అనంతపురం సమీపాన హోవర్డ్ క్యాంప్‌బెల్ దానిని చూచినట్లు వ్రాశారు. ఆపైన ఎనభై ఆరు సంవత్సరాలు ఎవరి కంటా పడలేదు. పక్షి అంతరించిందనే పలువురు నమ్మారు.

1986 జనవరిలో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘ పరిశోధకుడు భరత్ భూషణ్ ఆధ్వర్యంలో జరిగిన అన్వేషణలో, కడప జిల్లా రెడ్డిపల్లె సమీపాన అది మళ్లీ దొరికింది. పక్షి చిత్రాన్ని చూపి గ్రామీణులను విచారించగా, అది తమకు తెలిసినదేనని వారు చెప్పారు. చీకటిలో దానిని పట్టి తెచ్చినవాడు ఐతన్న అనే స్థానిక వేటగాడు. శాస్త్రజ్ఞులు పోయిందనుకొన్న పక్షి ఆ ఊరివారి దృష్టిలో ఎన్నడూ పోలేదు. కలివి పొదలలో తిరిగే కలివికోడి అని దానికి పేరు కూడ ఉంది. ఆ సంవత్సరమే ఈ పునర్దర్శన వృత్తాంతం సంఘపు పత్రికలో వ్యాసంగా వెలువడింది. 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.

ఇక్కడ గమనించవలసినదేమంటే, పాత వ్యాసాలలో ఊళ్ల పేర్లు, నదుల పేర్లు, నేల స్వభావం వ్రాసి ఉండబట్టే 1980లలో వెదకబోయినవారికి ఎక్కడ వెదకాలో తెలిసింది. బ్లాన్‌ఫర్డ్‌గాని, క్యాంప్‌బెల్‌గాని 'దక్షిణ భారతదేశంలో కనబడింది' అని ఊరుకొని ఉంటే ఆ అన్వేషణకు దారే ఉండేది కాదు. వ్యాసంలో స్థలము, తేదీ, వేళ అనే మూడూ అలంకారాలు కావు. అవి లేని పరిశీలన ఎంత గొప్పదైనా కథగానే మిగిలిపోతుంది.

పక్షి ఉన్నదని తెలిసింది. ఎంత ఉంది, ఎటువంటి చోట ఉంటుంది అన్న ప్రశ్నలు మిగిలాయి. రాత్రి తిరిగే పిరికి పక్షిని లెక్కించడం ఎలాగ? పి. జెగనాథన్, ఆయన సహచరులు దీనికి ఒక ఉపాయం కనిపెట్టారు. పొదల మధ్య అక్కడక్కడ మెత్తని మట్టిని పట్టీలుగా పరచి చదును చేశారు. మరునాడు వచ్చి ఆ మట్టిలో పడిన అడుగుజాడలను చూశారు. వినడానికి ఇంత తేలిక. కాని పత్రిక సంపాదకుడు అడిగే మొదటి ప్రశ్న ఒకటుంది: ఈ జాడ కలివికోడిదేనని, తీతువు వంటి మరొక నేలపక్షిది కాదని నిశ్చయంగా ఎలా చెప్పగలరు? అందుకే వారు ముందుగా జాడలను గుర్తుపట్టే పద్ధతిని గురించే ఒక వ్యాసం వ్రాసి 2002లో 'ఓరిక్స్' పత్రికలో ప్రకటించారు. ఆ పద్ధతితో పక్షి నివాసాన్ని వివరించే వ్యాసం 2004లో 'జర్నల్ ఆఫ్ అప్లయిడ్ ఎకాలజీ'లో వచ్చింది. పొదలు మరీ దట్టమైనా, మరీ పలుచనైనా ఆ పక్షికి పనికిరాదని, ఎత్తైన పొదల మధ్య ఖాళీ నేల ఉండాలని అంకెలతో చూపగలిగారు.

ఆ అంకెలకు పని త్వరలోనే పడింది. 2005లో తెలుగుగంగ పథకపు కాలువ త్రవ్వకం ఆ పక్షి నివాసంలోనికి వచ్చింది. పక్షిపై జాలి గలవారు చెప్పే మాట అధికారుల ముందు ఎంతవరకు నిలుస్తుందో అందరికీ తెలిసినదే. ఇక్కడ పక్షి ఏ నేలలో ఉంటుందో చూపే ముద్రిత వ్యాసాలు, పటాలు చేతిలో ఉన్నాయి. చివరకు కాలువ మార్గాన్ని మార్చారు. కృష్ణా జలాలను 1996 నుండి తమిళనాడుకు చేరుస్తున్న పథకం ఇదే. ఆ నీరు చేరే పూండి జలాశయం తిరువళ్లూరు జిల్లాలో కుశస్థలి నది మీదనే ఉంది. ఆ నది దిగువకు ప్రవహించి ఎన్నూరు కయ్యలో, కాట్టుపల్లి పక్కనే, సముద్రంలో కలుస్తుంది.

ఇక వ్రాతప్రతి తయారీ. చాలామంది విద్యార్థులు పరిశీలన అంతా ముగిసిన తరువాత బల్లముందు కూర్చుని వ్రాయడం మొదలుపెడతారు. నిజానికి వ్యాసం మొదటిరోజున బురదలో కాలు పెట్టినప్పుడే మొదలవుతుంది. కాట్టుపల్లి నుండే ఒక ఉదాహరణ ఊహించుకొనవచ్చు. ఉప్పుటేటి ఒడ్డున ఒక ముందరి కాలు మాత్రం అతి పెద్దదిగా ఉండే చిన్న పీతలు బొరియలు చేసుకొని బ్రతుకుతాయి. ఆ పెద్దకాలు మగపీతలకే ఉంటుంది. నీటి అంచు నుండి దూరమయ్యే కొద్దీ బొరియల సంఖ్య ఎలా మారుతుందో తెలుసుకోవాలని ఒక విద్యార్థి అనుకొన్నాడనుకొందాము. ఒక చదరపు మీటరు చట్రం, కొలతాడు, పుస్తకం, పెన్సిలు ఉంటే చాలు. ఆట సమయంలో చట్రాన్ని నేలపై ఉంచి లోపలి బొరియలను లెక్కిస్తాడు.

చట్రాన్ని ఎక్కడ ఉంచాలో కంటికి ఇంపుగా కనిపించిన చోటు నిర్ణయించరాదు. బొరియలు దట్టంగా ఉన్నచోటికే చెయ్యి పోతుంది. అది మనుష్య స్వభావం. కాబట్టి దూరాలను ముందే చీట్లు వేసి నిర్ణయించుకోవాలి. ఒక్క బొరియ కూడ లేని చట్రం వస్తే సున్న అని వ్రాయాలి, వదలివేయరాదు. ఆవరణశాస్త్రంలో సున్న కూడ ఒక సమాచారమే. పోటు వేళ, తిథి, ఎండ, ముందురోజు వాన పడినదీ లేనిదీ వ్రాయాలి. అన్నింటికంటె ముఖ్యం, తాను లెక్కించినది బొరియలను, పీతలను కాదు అన్న సంగతి మరువరాదు. కొన్ని బొరియలు ఖాళీగా ఉండవచ్చు. ఒక పీతకు రెండు ద్వారాలు ఉండవచ్చు. 'చదరపు మీటరుకు ఇన్ని పీతలు' అని వ్యాసంలో వ్రాసిన మరుక్షణం సమీక్షకుని ఎర్రసిరా అక్కడ పడుతుంది.

ఇంకొక చిక్కు ఉంది. ఒకే పాయ ఒడ్డున ముప్పై చట్రాలు వేసి, ముప్పై పాయలను గురించి తెలిసినట్లు వ్రాసేవారు లోకమంతటా ఉన్నారు. స్టూవర్ట్ హర్ల్‌బర్ట్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు 1984లో ఈ దోషం ఎంత విస్తారంగా ఉందో ఒక దీర్ఘవ్యాసంలో చూపించాడు. ఓడరేవు దాపున ఉన్న ఒక పాయను, దూరంగా ఉన్న మరొక పాయను పోల్చి, తేడా అంతా ఓడరేవు వల్లనే అనడం కూడ ఇటువంటిదే. రెండు పాయలకు బురదలో, ఉప్పులో, నీటి లోతులో తేడాలు ఉండవచ్చు. తీరం పట్ల ఎంత ఆవేదన ఉన్నా, ఆవేదన తీర్పు చెప్పరాదు. నిజానికి ఆవేదన ఉన్నవాడే ఇంకొంత జాగ్రత్తగా లెక్కించాలి, ఎదుటి పక్షపు నిపుణుడు మొదట వెదకేది ఆ దోషాన్నే కనుక.

వ్యాసానికి లోకమంతటా ఆమోదించిన ఒక చట్రం ఉంది: ఉపోద్ఘాతం, పద్ధతులు, ఫలితాలు, చర్చ. వ్రాసే వరుస మాత్రం వేరుగా ఉండడం మేలు. పద్ధతులు మొదట వ్రాయాలి, జ్ఞాపకం తాజాగా ఉన్నప్పుడే. తరువాత పట్టికలు, పటాలు. వాటిని అనుసరించి ఫలితాలు. ఫలితాలలో కనబడినది మాత్రమే ఉండాలి. ఎందుకు అలా ఉందో అనే ఊహకు చర్చలోనే చోటు. ఈ రెండింటినీ కలిపివేయడం కొత్తవారి వ్రాతలో సర్వసాధారణంగా కనిపించే లోపం. ఉపోద్ఘాతాన్ని విశ్వసృష్టి నుండి ప్రారంభించనక్కరలేదు. ఇంతవరకు తెలిసినదేమిటి, తెలియనిదేమిటి, ఈ వ్యాసం ఏ ప్రశ్నకు జవాబు వెదకుతున్నది అని రెండు పుటలలో చెబితే చాలు. సంక్షిప్తసారం అన్నిటికంటె చివర వ్రాయవలసినది, అన్నిటికంటె ఎక్కువమంది చదివేది. శీర్షికలో ప్రాణి పేరు, ప్రదేశం, విషయం ఉంటే మంచిది. చమత్కారం లేకపోయినా నష్టం లేదు.

కృతజ్ఞతల భాగాన్ని మర్యాద కోసం చివర అతికించే నాలుగు పంక్తులుగా భావిస్తారు. పడవ నడిపినవానిని, బొరియలు చూపినవానిని పేరుతో చెప్పాలి. ఐతన్న పేరు నేటికీ కలివికోడి కథలో నిలిచి ఉన్నది ఎవరో దానిని వ్రాసిపెట్టినందువల్లనే. పని ప్రణాళికలోనో, రచనలోనో సగభాగం పంచుకొన్నవానికైతే కృతజ్ఞత చాలదు, సహరచయితగా చోటివ్వాలి. పని చేయని పెద్దవారి పేరు గౌరవార్థం చేర్చడం మాత్రం ఎంత పాత ఆచారమైనా మంచి ఆచారం కాదు.

పంపే ముందు పత్రికను ఎన్నుకోవాలి. పీతల బొరియల లెక్క ఒక్క ఊరికి సంబంధించినదైతే దానిని లండను పత్రికకు పంపి తిరస్కారం పొందడం కాలహరణం. అక్కడివారు కోరేది ప్రపంచమంతటికీ వర్తించే ప్రశ్న. బొంబాయి సంఘపు పత్రిక, కోయంబత్తూరు నుండి వెలువడే 'జర్నల్ ఆఫ్ థ్రెటెన్డ్ టాక్సా' స్థానిక పరిశీలనలకు తగిన వేదికలు. పక్షులైతే, ఆశీష్ పిట్టీ హైదరాబాదు నుండి 2004లో ఆరంభించిన 'ఇండియన్ బర్డ్స్' ఉంది. డబ్బు చెల్లిస్తే వారం రోజులలో అచ్చువేస్తామని ఉత్తరాలు వ్రాసే పత్రికలు కూడ ఈ కాలంలో పుట్టగొడుగులవలె వెలిశాయి. సమీక్ష లేని అచ్చుకు విలువ లేదు. అందులో పడిన మంచి పరిశీలన కూడ పాడైపోయినట్లే.

పత్రిక సూచనలను అక్షరం విడువక చదవాలి. ఎన్ని మాటలకు మించరాదో, పంక్తులకు వరుససంఖ్యలు ఉండాలో లేదో, పూర్వ వ్యాసాలను ఏ పద్ధతిలో పేర్కొనాలో అందులో ఉంటుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 క్రింద రక్షణ పొందిన ప్రాణిని పట్టడానికిగాని, అభయారణ్యంలో పనిచేయడానికిగాని పొందిన అనుమతిని వ్యాసంలో పేర్కొనాలి. లెక్కల మూల పట్టికలను కూడ అందరికీ అందుబాటులో ఉంచాలని నేడు పెద్ద పత్రికలు కోరుతున్నాయి. బ్రిటిష్ సంఘపు పత్రికలు 2014 నుండి ఈ నియమాన్ని పాటిస్తున్నాయి. పూర్వం మూడు ప్రతులు టైపు చేయించి తపాలాలో పంపి నెలల తరబడి ఎదురుచూసేవారు. ఇప్పుడు ఇంటర్నెట్ ద్వారా క్షణంలో చేరుతుంది. ఎదురుచూపు మాత్రం తప్పలేదు. సంపాదకునికి వ్రాసే లేఖ ఒక పుట మించరాదు. ఈ వ్యాసం మరెక్కడా అచ్చు కాలేదని, మరొక పత్రిక పరిశీలనలో లేదని అందులో స్పష్టంగా చెప్పాలి. ఒకే వ్రాతప్రతిని ఏకకాలంలో రెండు పత్రికలకు పంపడం ఈ లోకంలో పెద్ద తప్పు.

తరువాత వచ్చేది సమీక్ష. సాధారణంగా ఇద్దరు ముగ్గురు నిపుణులు చదివి అభిప్రాయం వ్రాస్తారు. తిరస్కారం వచ్చినవారు సిగ్గుపడనక్కరలేదు. ఎంతటి శాస్త్రజ్ఞునికైనా అది అనుభవమే. సవరణలు కోరితే ఒక్కొక్క ఆక్షేపణను యథాతథంగా ఎత్తివ్రాసి, దాని క్రింద తాను చేసిన మార్పును, ఏ పుటలో ఏ పంక్తిలో చేశాడో చెప్పాలి. సమీక్షకుడు పొరబడ్డాడని తోచితే వినయంగా, కారణంతో చెప్పవచ్చు. ఒక్కొక్కసారి తెలిసిన పాఠకుడే అపార్థం చేసుకొన్నాడంటే వాక్యం సరిగా లేదనే అర్థం.

పరికరాలు లేవు, ప్రయోగశాల లేదు అనే మాట ఈ ప్రాంతపు పిల్లల నోట తరచు వినబడుతుంది. పిఠాపురంలో జన్మించిన ద్రోణంరాజు కృష్ణారావు 1957 ప్రాంతాన కలకత్తాలోని భారత గణాంక సంస్థలో జె.బి.ఎస్. హాల్డేన్ వద్ద శిష్యుడుగా చేరాడు. ఖరీదైన యంత్రాలు లేకుండా కన్ను, ఓపిక, లెక్క అనే మూడింటితో చేయగల పనులను హాల్డేన్ తన శిష్యులకు అప్పగించేవాడు. ద్రోణంరాజు లాంటానా పొదల వద్ద నిలబడి, ఏ జాతి సీతాకోకచిలుక ఏ రంగు పువ్వుపై వాలుతున్నదో లెక్కించాడు. కొన్ని జాతులు కొన్ని రంగులనే ఎన్నుకొంటున్నాయని తేలింది. ఆ వ్యాసం 1960లో 'నేచర్' పత్రికలో అచ్చయింది. లాంటానా పొద లేని ఊరు ఈ జిల్లాలో ఉన్నదా అని వెదకవలసి ఉంటుంది.

భాష ప్రశ్న మిగిలింది. ఈ పత్రికలన్నీ ఇంగ్లీషువే. తెలుగు మాధ్యమంలో చదివినవారికి ఇది అడ్డంకి అనడంలో అసత్యం లేదు. అయితే వ్యాసానికి కావలసినది షేక్స్పియర్ ఇంగ్లీషు కాదు. కర్త, క్రియ స్పష్టంగా ఉన్న చిన్న వాక్యాలు. క్షేత్రంలో పుస్తకం తెలుగులోనే ఉంచుకొనవచ్చు, ఉంచుకొనడమే మేలు కూడ. బురదలో నిలబడి అనువాదం చేస్తూ వ్రాసినవాడు సగం చూడడు. స్థానిక నామాలను తెలుగు, తమిళ లిపులలో జాగ్రత్తగా నమోదు చేసి, వ్యాసంలో శాస్త్రనామం పక్కన వాటికి చోటివ్వాలి. జెర్డన్ విని వ్రాసిన పేరు ఇంగ్లీషు అక్షరాలలో చిక్కుకొని, దాని సరియైన ఉచ్చారణ ఏమిటో నేడు తర్కించుకొనవలసి వస్తున్నది. ఆ పని తెలుగు చదివిన పిల్ల చేసి ఉంటే ఆ తర్కం ఉండేది కాదు.

అచ్చుకు ముందు ప్రూఫులు వస్తాయి. అంకెలను మూల పుస్తకంతో ఒక్కొక్కటిగా సరిచూడాలి. దశాంశ బిందువు ఒక స్థానం జరిగితే పది పీతలు నూరవుతాయి. వ్యాసం వెలువడిన తరువాత ఒక ప్రతిని జిల్లా అటవీ కార్యాలయానికి, ఒక ప్రతిని పాఠశాల గ్రంథాలయానికి ఇవ్వవచ్చు. ఏ జాలరుల మాట విని పని మొదలైందో వారికి దాని సారాంశాన్ని వారి భాషలో ఒకటి రెండు పుటలలో వ్రాసి, కూర్చుని చదివి వినిపించాలి. తప్పులుంటే వారే పట్టుకొంటారు.